అడిగితే చెప్పరు, తప్పు చేస్తే చెబుతారు

ప్రశ్న:

మేడమ్ గారూ, నాకు 42 ఏళ్ళు. ఉద్యోగం చేస్తూ హైదరాబాద్ నిజాంపేటలో ఉంటున్నాను. మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాన్న పోయాక రెండేళ్ళుగా అమ్మ మా దగ్గరే ఉంటోంది. ఆవిడకి 73. ఆరు నెలలుగా మరుపు మొదలైంది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తోంది. పోపు పెడుతూ మధ్యలో ఆగి "ఇంగువ వేశానా?" అని అడుగుతోంది. ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి పూజలో కూర్చుండిపోయింది.

డల్లాస్‌లో ఉన్న అన్నయ్య "అమ్మ వంటలన్నీ రాసిపెట్టు, వీడియోలు తియ్యి" అంటున్నాడు. సరేనని నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. పనసపొట్టు ఆవ పెట్టిన కూర ఎలా చేస్తావమ్మా అంటే, "ఏముందే, పొట్టు ఉడకేసి, పోపేసి, పులుసు పోసి, ఆవ పెట్టడమే" అంది. చింతపండు ఎంత అంటే "సరిపడా". ఆవాలు ఎన్ని అంటే "సోలెడు పొట్టుకి చూసుకుని వేసుకోవాలి". మళ్ళీ మళ్ళీ అడిగేసరికి "ఇదేమన్నా పరీక్షా? నేను పోయాక తినడానికా?" అని లేచి వెళ్ళిపోయింది. రెండు వారాలైంది, వంటింటి గడప తొక్కడం లేదు.

ఆవిడ చెప్పినట్టే నేను చేస్తే కూరకి ఘాటు లేదు, పైగా చేదు. మా ఆయన "ఎందుకింత టెన్షన్, కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుందాం" అంటారు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఒక్కడే కిక్కురుమనకుండా తిన్నాడు. నేను చేస్తున్నది స్వార్థమా?

ఇంకొకటి. పోయిన వేసవిలో అమ్మ తన చేత్తో కలిపిన ఆవకాయ జాడీలో పావు వంతు మిగిలింది. ఈ వేసవిలో ఆవిడ కలపలేకపోయింది. అందులో గరిటె పెట్టాలంటే మనసు రావడం లేదు. దాచుకోవాలా, తినేయాలా?

ఒక పాఠకురాలు, నిజాంపేట

సమాధానం:

అమ్మ వంట కావాలనుకోవడంలో స్వార్థం ఏముందమ్మా? మీ అమ్మగారు లేచి వెళ్ళిపోయింది మీరు అడిగినందుకు కాదు, అడిగిన తీరుకి. నోట్‌బుక్కు, పెన్ను, ఎదురుగా కూర్చుని "ఎంత? ఎన్ని?" అనడం. మరుపు వస్తోందని మీకంటే ముందు ఆవిడకే తెలుసు. అలాంటి మనిషిని కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే, జవాబు తట్టని ప్రతిసారీ "ఇదిగో, ఇదీ పోయింది" అని ఎవరో లెక్క రాస్తున్నట్టు ఉంటుంది. ఆవిడ పరీక్షా అనడంలో తప్పేమీ లేదు.

వంట సంగతికి వచ్చేముందు డాక్టర్ సంగతి. ఇంకా చూపించకపోతే ఈ వారమే చూపించండి. విటమిన్ బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా మరుపు రావచ్చు, అవి రక్తపరీక్షలో తెలిసిపోతాయి, మందులకి లొంగుతాయి. ఉప్పు విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. వయసు మీద పడే కొద్దీ వాసనా రుచీ తెలియడం తగ్గుతుంది. రెండోసారి ఉప్పు వేస్తున్నది మొదటిసారి వేసింది మర్చిపోయా, వేసినా చప్పగా అనిపించా? ఈ రెండూ వేరు. డాక్టర్‌కి ఈ తేడా చెప్పండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేసి వెళ్ళండి. ఇంతకు మించి ఆ విషయంలో నేను చెప్పేది లేదు, నేను డాక్టర్‌ని కాను.

ఇక వంట. నా కథ ఒకటి చెబుతాను, మీ కూర చేదెక్కడానికీ దీనికీ సంబంధం ఉంది.

పదిహేనేళ్ళ కిందట మొదటిసారి సొంతంగా ఆవకాయ పెడదామని బందరులో ఉన్న మా మేనత్తకి ఫోన్ చేశాను. అత్తయ్య చెబుతుంటే ఒక్క మాట వదలకుండా రాసుకున్నాను. నాలుగు సోలల ముక్కలకి సోలెడు ఆవపిండి, సోలెడు కారం, సోలకి కాస్త వెలితిగా ఉప్పు. కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టి, టెంక ఉండేలా కొట్టించి, లోపలి పొర గీకేసి, అన్నీ అత్తయ్య చెప్పినట్టే. మూడో రోజు తిరగ కలిపాను. నూనె చాల్లేదనిపించి ఇంకాస్త పోశాను కూడా. నెల తిరిగేసరికి జాడీ అంచు చుట్టూ తెల్లగా బూజు. ఏడుపొక్కటే తక్కువ.

మళ్ళీ ఫోన్. అత్తయ్య పోలీసులా ఆరా తీసింది. జాడీ తడిగా ఉందా? గరిటె తడా? కాయ మెత్తబడిందా? అన్నిటికీ లేదన్నాను. చివరికి "ఉప్పు దంచి కొలిచావా, కొలిచి దంచావా?" అంది. నేను కళ్ళుప్పు సోలతో కొలిచి, ఆ తర్వాత మిక్సీలో వేశాను. కళ్ళుప్పు గళ్ళ మధ్య ఖాళీలుంటాయి కదా, మెత్తగా చేశాక అదే ఉప్పు సోల నిండదు. అంటే ఊరగాయని కాపాడాల్సిన ఉప్పులో కొంత అసలు జాడీలోకి వెళ్ళనే లేదు. "మరి ఆ మాట చెప్పలేదేం అత్తయ్యా?" అంటే, "అదీ చెప్పాలటే? దంచకుండా ఎవరైనా కొలుస్తారా?" అంది.

అత్తయ్య ఏదీ దాచలేదు. ఉప్పు దంచి కొలవడం ఆవిడకి అసలు ఒక పనిగానే లెక్కలో లేదు. జడ వేసుకోవడం ఎలా అని ఎవరైనా ఫోన్లో అడిగితే, పాయలు మూడు తీయాలని మనం చెబుతామా? యాభై ఏళ్ళు చేసిన పని చేతిలోకి వెళ్ళిపోతుంది, నోటికి అందదు. మీ అమ్మగారి "ఏముందే" కూడా అలాంటిదే. నిజంగానే ఆవిడకి అందులో ఏమీ లేదు.

ఇప్పుడు మీ పనసపొట్టు కూర. ఘాటు లేదు, చేదు అని రాశారు. ఆవ ఎప్పుడు కలిపారో రాయలేదు గానీ, కూర పొయ్యి మీద ఉండగానే కలిపి ఉంటారని నా అనుమానం. ఆవగింజలో ఘాటు తయారుగా ఉండదు. గింజ నలిగి, దానికి తడి తగిలినప్పుడు లోపల ఉన్న ఎంజైమ్ ఒకటి పనిచేసి అప్పటికప్పుడు ఆ ఘాటు పుట్టిస్తుంది. పొడి ఆవపిండి వాసన చూస్తే ఏమంత ఉండదు, నాలుగు చుక్కల నీళ్ళు చల్లి కాసేపు ఉంచి చూడండి, ముక్కు పుటాలు అదిరిపోతాయి. మరిగే వేడి తగిలితే ఆ ఎంజైమ్ పనికి రాకుండా పోతుంది, అప్పటికే పుట్టిన ఘాటు ఆవిరితో లేచిపోతుంది. కూరలో మిగిలేది చేదు. పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉండి, నూరిన ఆవ నషాళానికి అంటడానికి తేడా కూడా ఇదే.

అందుకని ఆవ పెట్టడం అంటే పొయ్యి కట్టేశాక చేసే పని. నాకు తెలిసిన పద్ధతి ఇది. పొట్టుని ఉప్పు, పసుపు వేసి ఉడికించి, వార్చి, చల్లారాక గుప్పిళ్ళతో గట్టిగా పిండాలి. నీరు మిగిలితే కూర ముద్దవుతుంది. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు, ఇంగువ పోపులో చిక్కటి చింతపండు గుజ్జు వేసి, పచ్చివాసన పోయాక పొట్టు కలిపి, పొడిపొడిగా అయ్యాక దించాలి. దించి, గిన్నెని ఉత్త చేతులతో పట్టుకోగలిగేదాకా ఆగాలి. అప్పుడు ఆవాలూ ఒక ఎండుమిర్చీ చిటికెడు ఉప్పూ తడి తగిలించి నూరిన ముద్ద, కాస్త పచ్చి నువ్వులనూనె వేసి చేత్తో కలపాలి. అరకిలో పొట్టుకి రెండు చెంచాల ఆవాలతో మొదలుపెట్టండి. కలపగానే రుచి చూసి నిరాశపడొద్దు, రెండు మూడు గంటలు ఊరితే దాని సంగతి వేరు. గోదావరి జిల్లాల్లో పెళ్ళి వంటల్లో ఈ కూరని ముందే చేసి పక్కన పెట్టడం అందుకే. కంద బచ్చలికీ ఇదే సూత్రం.

అయితే ఇది నా కూర. మీకు కావలసింది మీ అమ్మగారి కూర. ఆవిడ చింతపండు గుజ్జు ఎప్పుడు వేస్తారో, ఆవతోపాటు ఇంకేమైనా నూరుతారో, బెల్లం ముక్క వేస్తారో లేదో నాకు తెలియదు. అడిగితే ఆవిడా చెప్పలేరు. కాబట్టి అడగొద్దు. ఆవిడ కళ్ళెదుట తప్పుగా చేయండి.

ఆవిడకి వినపడేంత దూరంలో, కనపడేట్టు, కూర ఇంకా పొయ్యి మీద ఉండగానే ఆవముద్ద గిన్నె చేతిలోకి తీసుకోండి. హాల్లో టీవీ చూస్తున్న మనిషి "ఆగవే! దించకుండా ఆవ పెడతావా? పక్కకి తప్పుకో" అంటూ లేచి వచ్చేస్తుంది. వచ్చాక మీరు ఏమీ అడగనక్కర్లేదు. గరిటె ఇచ్చేసి, పక్కన నిలబడి చూడండి.

నేను దీన్ని ఊహించి చెప్పడం లేదు. మా అమ్మ ఆఖరి రోజుల్లో నా పేరు కూడా మర్చిపోయింది. నన్ను తన పిన్ని అనుకునేది. ఒక మధ్యాహ్నం ఆవిడ మంచం పక్కన కూర్చుని చిక్కుడుకాయలు బాగు చేస్తున్నాను, మాటల్లో పడి ఈనెలు తీయకుండానే తుంచుతున్నాను. అమ్మ కాసేపు చూసింది. నా చేతిలోంచి కాయ లాక్కుని, కొస విరిచి, ఈనె ఒక్క లాగుతో కింది దాకా తీసి, నా ఒళ్ళో పడేసింది. అలా గిన్నెడు కాయలూ ఆవిడే చేసింది. నిన్నటి సంగతులు జారిపోతున్నా చేతికి అలవాటైన పనులు చాలాకాలం నిలుస్తాయని తర్వాత డాక్టర్ కూడా అన్నారు. మీ అమ్మగారిది ఇంకా మొదట్లోనే ఉన్నట్టుంది, ఆ చేతుల్లో బోలెడు మిగిలి ఉంటుంది.

నాటకం ఆడమంటారా అనుకుంటున్నారా? కొంచెం నాటకమే. అయినా మీకు అంత నటించాల్సిన అవసరం రాదులెండి, నిజంగానే చేసే తప్పులు దాచుకోకుండా ఉంటే చాలు. రోజుకి ఒక్క తప్పు. రెండోదానికి ఆవిడకి అనుమానం వస్తుంది, మూడోదానికి "నీకు వంటే నేర్పలేకపోయాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

ఆవిడ గడప తొక్కడం లేదన్నారు. అయితే వంటింటినే హాల్లోకి తీసుకెళ్ళండి. చింతపండు గింజలూ ఈనెలూ తీయడం, కరివేపాకు దూయడం, గోంగూర వలవడం, ఇవన్నీ సోఫాలో కూర్చుని చేసుకోవచ్చు. పళ్ళెం ఆవిడ ముందు పెట్టి ఏమీ అనకుండా మీ పని మీరు చూసుకోండి. చేతులు ఊరుకోవు. ఇందులో మీ అబ్బాయిని కలుపుకోండి. కూతురు అడిగితే పరీక్ష, మనవడు "అమ్మమ్మా, ఇదేంటి?" అని అడిగితే ముచ్చట. అదేం న్యాయమో గానీ, లోకమంతా అంతే.

ఇక కొలతలు. "సోలెడు పొట్టుకి" అందని రాశారు. గిద్దలు నాలుగైతే సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. లెక్క ఇదే గానీ, మీ ఇంటి సోల ఎంతో ఏ పుస్తకమూ చెప్పదు. ప్రాంతాన్ని బట్టి మారేది, సొట్ట పడితే ఇంకా మారేది. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్ళకే బజార్లో వీశెలూ శేర్లూ పోయి కిలోలు వచ్చాయి. బియ్యం డబ్బాలో సోల మాత్రం కదల్లేదు. అప్పటికి మీ అమ్మగారు చిన్నపిల్ల, వాళ్ళమ్మ దగ్గర ఆ సోలతోనే నేర్చుకుని ఉంటారు. ఊళ్ళో ఇంటి సామాన్లలో ఆ సోలా గిద్దా ఇంకా ఉన్నాయేమో వెతికించి తెప్పించండి. దాన్ని నిండా బియ్యం పోసి తూచండి, తర్వాత ఆవాలు పోసి తూచండి, తర్వాత దంచిన ఉప్పు. బియ్యం బరువు ఒకటి, ఆవాల బరువు ఒకటి, ఉప్పు బరువు ఇంకొకటి ఉంటుంది, కాబట్టి మూడూ విడివిడిగా రాసుకోవాలి. ఆవిడ వాడే చెంచా, కూరలో తిప్పే గరిటె, చింతపండు నానేసే గిన్నె కూడా ఇలాగే.

"సరిపడా"ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. వంటింటి తూకం మిషన్ ఒకటి కొనండి, గ్రాము దాకా చూపించేది. ఆవిడ వంట మొదలుపెట్టే ముందే ఉప్పు డబ్బా, కారం డబ్బా, చింతపండు సీసా, నూనె గిన్నె ఒక్కొక్కటీ తూచి రాసిపెట్టుకోండి. వంటయ్యాక మళ్ళీ తూచండి. ఎంత తగ్గితే అంత పడినట్టు. మధ్యలో ఆవిడని ఆపక్కర్లేదు, "ఒక్క నిమిషం ఆగమ్మా" అని గుప్పెట తెరిపించక్కర్లేదు. ఈ పని మీ అబ్బాయికి అప్పజెప్పండి, తొమ్మిదో తరగతి పిల్లాడికి తీసివేతలేగా. ఒక్కసారి తూచింది నమ్మకండి. మూడుసార్లు చేయించుకుంటే మూడు అంకెలు వస్తాయి, ఆ మూడింటి మధ్య ఎక్కడో ఉంటుంది మీ "సరిపడా". చింతపండు మాత్రం పాతదా కొత్తదా అన్నది పక్కనే రాయండి. పాతబడి నల్లబడ్డ చింతపండు పులుపు వేరు, కొత్తది వేరు, మీ అమ్మగారు చూసి తెలుసుకునేది సగం అదే అయి ఉంటుంది.

ఈ తూకంతోనే ఉప్పు రెండుసార్లు పడే గొడవ కూడా తీర్చవచ్చు. ఆ పూట వంటకి కావలసిన ఉప్పు చిన్న గిన్నెలో తీసి పెట్టి, పెద్ద డబ్బా అలమారలో పెట్టేయండి. గిన్నె ఖాళీగా ఉందంటే ఉప్పు పడినట్టు. ఆవిడే చూసుకుంటుంది, ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ఇంగువకీ అంతే. ఒకపూట ఎక్కువైనా భోజనాల దగ్గర ఎవరూ మొహం చిట్లించొద్దని మీ ఆయనకి ముందే చెప్పి ఉంచండి. వేడన్నం ఎక్కువ కలుపుకుంటే సరిపోయేదానికి మాటెందుకు?

వీడియో సంగతి. మొహం మీద ఫోన్ పెడితే ఎవరికైనా ఇబ్బందే. ఫోన్‌ని అలమార అంచున, చేతులు మాత్రమే కనిపించేలా పెట్టి వదిలేయండి. శబ్దం మాత్రం సరిగ్గా రావాలి. పోపులో కరివేపాకు పడ్డప్పటి చప్పుడు, ఆ చప్పుడు తగ్గాక ఎంతసేపటికి పులుసు పోశారన్నది, పోస్తూ తనలో తను అనుకునే మాటలు, ఇవి ఏ నోట్‌బుక్‌లోనూ పట్టవు. అయితే తీస్తున్నట్టు ఆవిడకి తెలిసి ఉండాలి. చాటుగా తీసింది తర్వాత మీరే చూసుకోలేరు.

ఏ వంటతో మొదలుపెట్టాలి? మీరు పనసపొట్టుతో మొదలుపెట్టారు, మీ అన్నయ్య జాబితా రాస్తే అరిసెలు, పూర్ణాలు, పాలతాలికలు అని రాస్తాడు. నేను అయితే చారుతో మొదలుపెడతాను. అరిసె పాకం నీళ్ళలో వేసి ఉండ కట్టిందో లేదో చూడటం పిన్నో పెద్దమ్మో ఎవరో ఒకరు నేర్పుతారు, పండగ వంటలు ఊరంతా దాదాపు ఒకేలా చేస్తుంది. మంగళవారం రాత్రి ఏమీ తోచక పెట్టిన చారు మాత్రం ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. మిరియాలు ఎక్కువా జీలకర్ర ఎక్కువా, కందిపప్పు కట్టు కలుపుతారా, వెల్లుల్లి పొట్టుతోనే చితక్కొడతారా, ధనియాలు వేయించి దంచుతారా పచ్చివేనా? రేపు మీకు జ్వరం వచ్చిన రోజు గుర్తొచ్చేది పనసపొట్టు కాదు. చారు, ముద్దపప్పు, మజ్జిగ పులుసు, కందిపొడి, వంకాయ కాల్చిన పచ్చడి. ముందు ఇవి పట్టండి. ఇవైతే ఆవిడకీ అలసట ఉండదు, వారంలో రెండుసార్లు చేసేవే కాబట్టి మళ్ళీ చూసే అవకాశం ఉంటుంది.

చారు మాటెత్తాను గనక, మీ అమ్మగారు ఊళ్ళో రాచ్చిప్ప వాడేవారేమో కనుక్కోండి. రాతిగిన్నె నిదానంగా వేడెక్కుతుంది, దించాక కూడా లోపల కుతకుతలాడుతూనే ఉంటుంది. దానికి అలవాటు పడ్డ చెయ్యి ఒక పొంగు ముందే దించేస్తుంది. అదే చేత్తో స్టీలు గిన్నె దించితే పులుసు పచ్చిగా ఉండిపోతుంది. ఆవిడకి వంట మర్చిపోయానేమో అనిపించేది ఇలాంటప్పుడే. నిజానికి మారింది గిన్నె. కొత్త రాచ్చిప్ప దొరుకుతుంది, కానీ వెంటనే పొయ్యి ఎక్కించకండి, గంజితోనో నూనెతోనో కొన్నాళ్ళు మచ్చిక చేయాలి, లేకపోతే పగిలిపోతుంది. ఎలా మచ్చిక చేయాలో అమ్మగారికి బాగా తెలిసి ఉంటుంది. ఇది అడగొచ్చు, ఇది వంట ప్రశ్న కాదుగా.

మీ అన్నయ్య వీడియోలు పంపమని మీకు చెప్పి చేతులు దులుపుకుంటే కుదరదు. మీకు ఆదివారం పొద్దున్న వంట వేళ ఆయనకి శనివారం రాత్రి. అప్పుడు ఫోన్ చేసి, అక్కడ పొయ్యి వెలిగించి, అమ్మ చూస్తుండగా ఆయన కూడా తప్పుగా వండాలి. అమెరికాలో లేత పనస ముక్కలు ఉప్పునీళ్ళ డబ్బాల్లో దొరుకుతాయి. రెండుమూడు నీళ్ళు కడిగి, కాసేపు నానేసి, పిండి వాడుకోవాలి, కూరలో ఉప్పు ఆఖరున చూసి వేసుకోవాలి. అచ్చం ఊళ్ళో పొట్టులా ఉండదు. మీ అమ్మగారు ఫోన్లో దాన్ని చూసి "అదేం పొట్టురా, పీచులా ఉంది" అంటారు. అననివ్వండి. ఆ మాట కోసమే కదా అంత దూరం నుంచి వండేది.

మీ ఆయన కర్రీ పాయింట్ మాట నాకు మరీ అంత తప్పుగా అనిపించలేదు. ఉద్యోగం చేసుకుంటూ అమ్మని చూసుకుంటున్నారు, వారంలో రెండు పూటలు కూర బయటి నుంచి వస్తే కొంపలేం మునగవు. ఆ రెండు పూటల ఓపిక మిగిల్చుకుని ఆదివారం అమ్మ పక్కన నిలబడండి. కాకపోతే అక్కడ పనసపొట్టు కొనొద్దని చెప్పండి, నూనెలో ఈదుతూ ఉంటుంది.

ఇంత చేసినా ఆ రుచి వస్తుందా అంటే, దగ్గరికి వస్తుంది. ఊళ్ళో మీ పెరట్లో కాసిన కాయ, మీ బావి నీళ్ళు, బడి నుంచి నడిచి వచ్చిన ఆకలి వేరు. వాటిని తూచే మిషన్ లేదు. ఘాటు మాత్రం ఈసారి తప్పకుండా వస్తుంది, దించాక పెట్టండి చాలు.

మిగిలింది ఆవకాయ. తినేయండి. ఏడాది దాటిన ఆవకాయలో ముక్క మెత్తబడుతుంది, రంగు నల్లబడుతుంది, నూనె తగ్గి పైన ఎండితే నా జాడీకి పట్టిన గతే పడుతుంది. అమ్మ చేతి ఆవకాయ బూజు పట్టాక పారబోయడం కంటే ఘోరం ఉండదు, నాకు అనుభవమే. ముందు పొడి గరిటెతో కలిపి చూసి, నూనె తేలకపోతే కాచి బాగా చల్లార్చిన నువ్వులనూనె పైన పోయండి. రోజూ కాస్త కాస్త వేసుకోండి, అమ్మగారికీ వేయండి, తను కలిపిందని గుర్తు చేయొచ్చు, చేయకపోయినా ఫరవాలేదు. ముక్కలన్నీ అయిపోయి అడుగున పిండీ ఊటా మిగిలిన రోజున ఆ జాడీలోనే వేడన్నం, చెంచాడు నెయ్యి వేసి ఆవిడ ముందు పెట్టండి. ముద్దలు ఆవిడే కలుపుతారు. మీ అబ్బాయిని కూడా పిలవండి, చేతులు చాపి వరసలో కూర్చోండి. మీ అన్నయ్య సెలవులకి వచ్చేదాకా ఆ అడుగు ఉంటుందో లేదో తెలియదు, ఆయన కోసం మాత్రం ఆపకండి.